పసుపు తగిలిన సరుకు

మా అన్న దామోదరం పోయి రెండు నెలలైంది. పైగది సర్దాలి, ఒకసారి రమ్మని వదిన ఫోన్ చేస్తే పోయిన ఆదివారం వెళ్ళాను. సర్దాలన్నది వదిన ఆలోచన కాదని మెట్లు ఎక్కుతుండగానే తెలిసింది. వదిన తమ్ముడు రాజారాం గది మధ్యలో నిలబడి టేపుతో గోడలు కొలుస్తున్నాడు. అతను అరియాంకుప్పంలో ఉంటాడు, ఇళ్ళూ స్థలాలూ చేతులు మార్పించడం అతని వ్యాపారం. మా పాండిచ్చేరిలో ఇప్పుడు ఏ గదీ ఊరికే ఉండకూడదు. గోడలకు ముదురు పసుపు రంగు వేసి, కిటికీకి తెల్ల పరదా కట్టి, తొక్కడానికి పనికిరాని సైకిలొకటి గుమ్మం పక్కన ఆనించి పెడితే చాలు, సముద్రం చూడటానికి వచ్చినవాళ్ళు దాని ముందు ఫోటోలు దిగి, శని ఆదివారాలు అక్కడే ఉండిపోతారు. రాజారాం అప్పటికే సైకిల్ సంపాదించాడు. అన్నకు మాసికం పెట్టిన వారంలోనే అది మా వరండాలోకి వచ్చిందట.

"ఈ పెట్టె తీసేస్తే ఇంకో మంచం పడుతుందక్కా," అన్నాడు నన్ను చూసి. పెట్టె అంటే అన్న కంప్యూటర్. "ఎట్టాగూ దాంట్లో బొమ్మే రావడం లేదు గదా."

రావడం లేదన్నది నిజమే. అన్న ఆస్పత్రిలో చేరడానికి ముందే దాని గ్రాఫిక్స్ కార్డు చెడిపోయింది. తెర మీదికి బొమ్మను పంపే పలక అది. ఇంకొకటి కొనాలి. మామూలు మనిషైతే దుకాణానికి పోయి ఒకటి కొనుక్కొస్తాడు. మా అన్న లినక్స్ వాడేవాడు, కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. లినక్స్ వాడేవాడు కార్డు కొనాలంటే ముందు చదవాలి. మూడు నెలలు చదివాడు. ఆస్పత్రి మంచం మీద కూడా ఫోనులో అవే చదువుకుంటూ, పాత డైరీ ఒకదాంట్లో పధ్నాలుగు పేజీలు రాసుకున్నాడు. చివరికి ఏది కొనాలో తేల్చకుండానే పోయాడు. ఆయన్ను చూసిన డాక్టర్లూ చివరిదాకా ఏదీ తేల్చలేదు, కాని వాళ్ళు అంత చదివినట్టు నాకు కనిపించలేదు.

అన్న కూతురు ఇందు బట్టల మీద అచ్చుకు డిజైన్లు గీస్తుంది. ఆ పెట్టె తనకు కావాలని ఆ పిల్ల పట్టు. లోపలి డిస్కు ఊడదీసి నాన్న బొమ్మలు వేరేదాంట్లోకి ఎక్కించుకోవచ్చు గదా అన్నాను, నాకు తెలిసిన నాలుగు ముక్కల్లో ఒకటి వాడి. "ఎక్కించుకునేసినా అత్తా. అది గాదు. నాన్న కూచున్న తావులో కూచోని గీయాల," అంది. చివరికి రాజారామే ఒక ఒప్పందం చెప్పాడు. ఇందు ఒక కార్డు తెప్పించాలి. బొమ్మ వస్తే గది సంగతి మాట్లాడుకోవచ్చు. రాకపోతే కార్డు వాపసు, పెట్టె పాత ఇనుముకు, గదికి పసుపు రంగు. వదిన గుమ్మంలో నిలబడి విన్నది.

బీరువా సర్దుతుంటే అడుగు అరలో మిఠాయి రేకు డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే మూడు పాత కార్డులు. ఒక్కోదాని మీద ఒక్కో కుంకుమ బొట్టు, చుట్టూ ఎండి నల్లబడిన పసుపు.

"ఏందత్తా ఇది?" అని ఇందు పగలబడి నవ్వింది. "కార్డుకు ఎవరన్నా బొట్టు పెడతారా?"

పెట్టింది మీ అవ్వ, పెట్టించింది నేను అని చెప్పాను. ఇక్కడ రాస్తున్నది ఆ సంగతే. మూడు వందల ఏళ్ళుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా, ఈ అక్షరాలు చదవడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. అందువల్ల ఎవరి మొహమూ చూడకుండా ఉన్నదున్నట్టు రాయొచ్చు.

మాది బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపుకు గడియ వేయడం నేనెప్పుడూ చూడలేదు. అందువల్ల మా అన్నంలో కొత్త బట్ట గంజి వాసన ఉండేది, మా చీరల్లో తాలింపు వాసన ఉండేది. నాయన తెల్లవారి స్నానం చేసి, కాఫీ తాగి, కొట్లో మెత్త మీద కూర్చునేవాడు. సరుకు మీద చెయ్యి వేస్తే తప్ప ఆయనకు మాట వచ్చేది కాదు. ఎవరైనా పట్టు అని చెప్పి తెస్తే అంచులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి కాల్చి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. రాకపోతే, తెచ్చినవాడు పక్క వీధికి పోయేదాకా వినిపించేట్టు తిట్టేవాడు. లోకంలో దేన్నైనా కాల్చి వాసన చూసి తేల్చుకోవచ్చని ఆయన నమ్మకం.

కొట్లో చీర ఎవరూ అక్కడికక్కడే కొనేవాళ్ళు కాదు. ఆడవాళ్ళు నాలుగో ఆరో ఏరి ఇంటికి తీసుకుపోయేవాళ్ళు. పగటి వెలుతురులో చూసుకుని, అత్తకు చూపించి, పక్కింటావిడతో వంక పెట్టించుకుని, నచ్చింది ఉంచుకుని మిగిలినవి మర్నాడు తెచ్చిచ్చేవాళ్ళు. అడ్డూ ఆపూ లేదు, చీటీ లేదు. మడత చెదిరినా నాయన ఏమీ అనేవాడు కాదు. ఒక్కటే షరతు. కొత్త బట్ట కట్టేముందు దాని కొంగుకు పసుపు రాస్తారు గదా, ఆ పసుపు తగిలితే చీర ఇక కొన్నట్టే. ఆవగింజంత తగిలినా సరే. "పసుపు తగిలిన సరుకు వాపసు పోదు" అన్న మాట నేను అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాను. కంప్యూటర్లు అమ్మే కుమరేసన్ భార్య ఒకసారి ఎనిమిది చీరలు తీసుకుపోయి ఎనిమిదీ వాపసు తెచ్చింది. నాయన కళ్ళజోడు పెట్టుకుని ఒక కొంగు చివర పసుపు నలుసు కనిపెట్టాడు. ఆవిడ ఏడ్చింది. నాయన మంచినీళ్ళు తెప్పించి ఇచ్చి, చీర మడిచి ఆవిడ సంచిలోనే పెట్టాడు.

అన్నకు కొట్టంటే అసహ్యం లేదు, మెత్తంటే భయం. దాని మీద ఒకసారి కూర్చున్నవాడు మళ్ళీ లేచింది మా వంశంలో లేదు. నేత పనివాళ్ళకు ఇచ్చే అంచుల నమూనాలు గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ రంగు నింపి గీసే ముసలాయన ఒకరుండేవారు. ఆయన చూపు తగ్గాక ఆ పని అన్న మీద పడింది. అన్న దాన్ని కంప్యూటర్లో గీస్తానని మొదలుపెట్టాడు. ఎవరి దగ్గరో ఎక్కించుకున్న దొంగ సాఫ్ట్‌వేర్‌తో పెట్టె నడిచేది. ఒక రోజు వైరస్ వచ్చి ఏడాదిపాటు గీసిన అంచులన్నీ తినేసింది. నాలుగో రోజు అన్న ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ పట్టుకొచ్చి లినక్స్ ఎక్కించాడు. ఇది దొంగ సరుకు కాదు, ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎట్టా ఉందో విప్పి చూసుకోవచ్చు, అంతా ఉచితం అని నాయనకు వివరించాడు.

"ఉచితమా?" అన్నాడు నాయన. "మరి కడ ఎట్టా నడస్తాదిరా వాళ్ళకి?"

"కడ లేదు నాయనా," అన్నాడు అన్న. కడ అంటే మా ఇంటి మాటలో కొట్టు.

"కడ లేకండా సరుకు యాడి నించి వస్తాది? నీ మొగం. మాసిన బట్ట ఎవుడో వీధిలో పడేసుంటాడు, నువ్వు ఎత్తుకొచ్చినావు."

లినక్స్ ఎక్కింది గాని బొమ్మ సరిగా రాలేదు. మా పెట్టెలోని కార్డుకు లినక్స్‌తో మాట కలవలేదు. తెర మీద పదహారు రంగులు మాత్రమే వచ్చాయి, అక్షరాలు ఇటుకలంత. పదహారు రంగులతో అంచు గీస్తే ఎన్నికల జెండాలా ఉంటుంది. కార్డుకూ లినక్స్ గుండెకాయకూ మధ్య మాట చేరవేసే దుబాసీ ఒకడుండాలి, వాణ్ణి డ్రైవర్ అంటారు. మా ఊరికి దుబాసీల సంగతి కొత్త కాదు, దొరకూ జనానికీ మధ్య నిలబడి ఇద్దరికీ అర్థం కానంత బాగుపడినవాళ్ళు ఇక్కడ ఉండేవాళ్ళు. కార్డుల కంపెనీలవాళ్ళూ అదే చేశారు. కొందరు దుబాసీని పెట్టెలో పెట్టి సీలు వేసి ఇస్తారు, వాడేం మాట్లాడుతున్నాడో మనకు తెలియదు, లినక్స్ కాస్త మారితే వాడు మూగవాడైపోతాడు. కొందరికి లినక్స్ అనే మనిషి ఉన్నట్టే తెలియదు. ఎక్కడో ఒకరిద్దరు మాత్రం తమ కార్డు భాష ఏమిటో కాగితం మీద రాసి లోకానికి ఇచ్చేస్తారు. అప్పుడు ఎవరో ఒకరు దుబాసీని తయారుచేసి లినక్స్‌లోనే కాపురం పెట్టిస్తారు. ఏది ఏ రకమో కార్డు డబ్బా మీద ఉండదు. డబ్బా మీద ఉండేవి ఇంకేవో, చెప్తాను.

ఏ కార్డు కొనాలా అని అన్న ఇంటర్నెట్‌లో అడగడం మొదలుపెట్టాడు. అన్న తమిళంలో చదువుకున్నాడు, నేను కాలేజీలో ఇంగ్లీషు చదువుతున్నాను, అందుకని నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బ్రౌజింగ్ సెంటర్‌కు తీసుకుపోయేవాడు. నేను ప్రశ్న రాస్తే రెండు రోజులకు జవాబులు వచ్చేవి. మొదటివాడు, ఈ ప్రశ్న ఇదివరకే ఎవరో అడిగారు, వెతుక్కో అనేవాడు. రెండోవాడు, నీకు లినక్స్ అవసరమేంటి అనేవాడు. మూడోవాడికీ నాలుగోవాడికీ అంతకుముందే ఏదో తగాదా ఉండేది, మా ప్రశ్న కింద దాన్ని కొనసాగించేవాళ్ళు. ఐదోవాడు, "నా దగ్గర పని చేస్తోంది" అని ఒక్క ముక్క రాసి పోయేవాడు. ఏ కార్డు, ఏ లినక్స్, ఏం చేస్తే పని చేసింది, చెప్పడు. మనుషులు మనుషులకు చెప్పే మాటల్లో ఇంతకంటే పనికిరానిది ఉండదని అప్పుడు అనుకున్నాను. ఈ మధ్య ఆస్పత్రిలో మళ్ళీ విన్నాను. అన్నను చూడవచ్చినవాళ్ళు ఆపిల్ పండ్లు బల్ల మీద పెట్టి, "మా పెదనాయనకూ ఇదే వచ్చింది, ఆయనకు నయమైపోయింది" అనేవాళ్ళు. అన్న నావైపు చూసి ఇంగ్లీషులో ఆ పాత ముక్క మెల్లగా అనేవాడు. ఆ వార్డులో మేమిద్దరం నవ్వుకున్నది దానికొక్కదానికే.

ఇంతలో నాయనకు ఓపిక పోయింది. దీపావళి రద్దీ వస్తోంది, కొట్లో మనిషి కావాలి. "విజయదశమి దినం పొద్దున్నే పైకి వస్తా. ఆ పెట్టెలో కోక అంచు అంచు మాదిరి కనపడాల. లేదంటే ఆ దినమే కిందకి దిగొచ్చి మెత్త మీద కూచో. దినం కూడా మంచిది," అన్నాడు. అన్నకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆ మాట తరవాత అన్న తిండి సగం వదిలేసేవాడు.

చదివి తేలేట్టు లేదు. అప్పుడు అన్నకు మా కొట్టే గుర్తొచ్చింది. నన్ను వెంటబెట్టుకుని కుమరేసన్ దగ్గరికి పోయాడు. మూడు కార్డులు ఇయ్యండి, ఇంటికి తీసుకుపోయి చూసుకుంటాను, పనికొచ్చింది ఉంచుకుని మిగిలినవి తెచ్చిస్తాను అన్నాడు తమిళంలో. కుమరేసన్ నోరు తెరిచాడు. "తంబీ, ఇదేమన్నా చీరా? డబ్బా చించితే ఎవరు కొంటారు?"

"మీ ఇంటికి ఎనిమిది కోకలు పోలేదా అన్నా?" అన్నాడు అన్న.

కుమరేసన్ కాసేపు అన్నను, కాసేపు వీధిని చూసి మూడు డబ్బాలు తీశాడు. మొదటి దాని మీద కత్తి పట్టుకున్న ఆడమనిషి, ఒంటి మీద బట్ట బహు తక్కువ. రెండో దాని మీద నిప్పులు కక్కే పాము. మూడోది ఉత్త తెల్ల డబ్బా, మూల చిన్న అక్షరాలు. "ఇది పాత సరుకు, ఆటలకు పనికిరాదు. మూడోది కావాలన్నావు గాబట్టి ఇస్తున్నా," అని దాన్ని మాత్రం కాగితంలో చుట్టి ఇచ్చాడు, ఎవరైనా చూస్తారన్నట్టు.

నాయన కొట్లోనే మమ్మల్ని ఆపి డబ్బాలు చూశాడు. కత్తి పట్టుకున్నామెను చాలాసేపు చూశాడు. "రేయ్ దామూ, ముందు ఈయమ్మకి ఒక కోక కట్టి పైకి తీసకపో," అన్నాడు. తరవాత ఒక కార్డు బయటికి తీసి, వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జేబులో అగ్గిపెట్టె తడుముకుంటుంటే అన్న లాక్కున్నాడు.

కత్తి ఆమె సీలు వేసిన దుబాసీ రకం. ఆ దుబాసీని బ్రౌజింగ్ సెంటర్ నుంచి సీడీ మీద తెచ్చి ఎక్కించాలి. ఎక్కిస్తే ఒక పూట అద్భుతంగా వచ్చింది. అన్న లినక్స్‌లో ఏదో చిన్న మార్పు చేశాడు, తెర నల్లగా అయిపోయింది. మళ్ళీ సైకిల్, మళ్ళీ సీడీ. నేను పక్కన కూర్చుని తప్పుల జాబితా ఇంగ్లీషులో చదివేదాన్ని, అన్న తలపట్టుకుని వినేవాడు. నాలుగు రోజులు అట్లా పోయాయి. పాము కార్డులో రంగులు వచ్చాయి గాని ఒకదాని మీదికి ఒకటి జారేవి, చింతపులుసులో తేలిన నూనెలాగా. దానికి ఇంకో నాలుగు రోజులు. ఇక మిగిలింది తెల్ల డబ్బా. ఆ సాయంత్రానికి అన్న అలిసిపోయి, దాన్ని రేపు చూద్దామని పడుకున్నాడు. రేపు ఆయుధ పూజ.

ఆయుధ పూజనాడు మా ఇంట్లో పనిముట్లు పని చేయవు. కత్తెరలు, గజం కొలబద్ద, కొట్టు తాళాలు, అమ్మ కత్తిపీట, అన్నీ పీట మీద చేరి పసుపూ కుంకుమా పెట్టించుకుని మర్నాడు పొద్దున దాకా విశ్రాంతి తీసుకుంటాయి. అన్న గుడికి పోయాడు. అమ్మ కింద నుంచి కేకేసింది: "కమలా, అన్న సామాన్లు ఏముండాయో తీసకరా. వాడిది మాత్రం ఏం పాపం చేసింది?" పెట్టె మోయలేను. బల్ల మీదున్న మూడు కార్డులూ పళ్ళెంలో, వాటి డబ్బాలు చంకన పెట్టుకుని దిగాను. అవి చూపుకు తెచ్చినవని నాకు తెలుసు. పసుపు తగిలితే ఏమవుతుందో ఆ వీధిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా తీసుకెళ్ళాను. ఎందుకంటే ఆ రెండు సంగతులూ నా బుర్రలో రెండు వేరు వేరు అరల్లో ఉండేవి, ఒకటి చీరల అర, ఒకటి ఇంగ్లీషు అర. కాలేజీ చదువు చేసిన మేలు అది.

అమ్మ ఒకదానికి పెట్టి ఊరుకోలేదు. "ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకుంటే బాగుంటాదా?" అని మూడింటికీ తడి పసుపు రాసి బొట్లు పెట్టింది. కత్తి ఆమె డబ్బా చూసి, "ఈయమ్మ ఎవరు? శక్తా?" అని దానికీ ఒకటి పెట్టింది.

అన్న గుడి నుంచి వచ్చి పీట చూశాడు. నన్ను తిట్టలేదు. గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తరవాత మెల్లగా, "తుడిచేసి ఇచ్చేస్తే తెలీదు," అన్నాడు. వెనక నాయన నిలబడి ఉన్నాడు.

"ఏం తెలీదు?" అన్నాడు నాయన.

కుమరేసన్‌ను పిలిపించారు. పాపం ఆ మనిషి పండగపూట వచ్చి, విషయం విని, "పరవాలేదు ముదలాళీ, తుడిచి ఇచ్చేయండి, దీనికేముంది," అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. "మీ ఇంటామె పసుపు తగిలిన కోక తెస్తే నేను తీసుకున్న్యానా? లేదు గదా. ఇది మాది. మూడూ మావే," అన్నాడు. ఎవరికీ అక్కరలేని న్యాయం అది. కుమరేసన్‌కు అక్కరలేదు, అన్నకు అక్కరలేదు, సీలు వేసిన దుబాసీకి అసలే అక్కరలేదు. అయినా నాయన ఆ పూట చాలా సంతోషంగా భోంచేశాడు.

విజయదశమి పొద్దున పీట కదిలించి, ఎవరి పనిముట్టు వాళ్ళకు ఇచ్చారు. అన్న తెల్ల డబ్బా కార్డును పెట్టెలో నొక్కాడు. తెర రాలేదు. రెండోసారీ రాలేదు. నాయన మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. అన్న కార్డు ఊడదీసి నా చేతిలో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కార్డు అంచున బంగారు రంగులో పళ్ళలాగా ఉంటాయి, వాటి సందుల్లో అమ్మ పసుపు ఎండి గట్టిపడి ఉంది. నా పెన్సిల్ రబ్బరు తీసుకుని ఒక్కో పన్నూ రుద్దాను. అన్న మళ్ళీ నొక్కాడు. బొమ్మ వచ్చింది. సీడీ అడగలేదు, సైకిల్ అడగలేదు. దుబాసీ ముందు నుంచీ లోపలే కాపురం ఉన్నాడు. అన్న గీసిన మామిడిపిందెల అంచు, ముదురు ఎరుపు మీద బంగారు పోగు, తెరనిండా పరుచుకుంది.

నాయన వంగి చూశాడు. వేలితో తెరను తాకాడు. కిందికి దిగిపోయాడు. అన్న నావైపు చూశాడు, ఆ చూపు నాకింకా గుర్తుంది. నాయన ఒక చీర పట్టుకుని మళ్ళీ ఎక్కి వచ్చి, దాన్ని తెర పక్కన పట్టాడు. "అరక్కు ఎరుపు ఇది గాదు. ఇంకా నలుపు పడాల," అన్నాడు. అన్న రంగు మార్చాడు. అది మారడం నాయన కళ్ళారా చూశాడు. గళ్ళ కాగితం మీదైతే ఆ మార్పుకు వారం పట్టేది. "ఇంకా కొంచెం," అన్నాడు. "ఇప్పుడు అంచు వెడల్పు చెయ్యి. పిందె తిప్పు. అట్టా గాదు, ఇట్టా." మధ్యాహ్నం దాకా తిప్పించాడు. ఆ విజయదశమికి మా కొట్టు తెరవలేదు. అమ్మ అన్నానికి పిలిస్తే దిగి, విస్తరి ముందు కూర్చుని, "మెత్త మీదకి ఎవుణ్ణన్నా చూడాల," అన్నాడు. అంతకు మించి ఆ విషయం మీద ఆయన బతికుండగా ఒక్క మాట మాట్లాడలేదు. అన్న ఆ గదిలోనే ఉండిపోయాడు, రెండు నెలల కిందటి దాకా.

ఇందు దగ్గర ఇదంతా చెప్పేసరికి బీరువా సగం కూడా సర్దలేదు. ఆ పిల్ల వాళ్ళ నాన్న డైరీ తీసి, తమిళంలో రాసినవి నాకు చదివి వినిపించింది. డ్రైవర్ లినక్స్‌లోనే ఉన్నది చూసి కొనాలి. ఆ నెలలోనే వచ్చిన కార్డు జోలికి పోకూడదు, ఒక ఏడాది పాతబడనియ్యాలి. పెట్టె లోపల పొడవు కొలవాలి. కరెంటు ఎంత తాగుతుందో, మన పెట్టె ఎంత ఇవ్వగలదో చూడాలి. పధ్నాలుగో పేజీలో రెండు కార్డుల పేర్లు మిగిలాయి. ఏదీ కొట్టేయలేదు.

"ఈ రెండిట్లో ఏది కొన్నా పనిచేస్తాదత్తా," అంది ఇందు. "ఇప్పుడు అంత కష్టం లేదు. నాన్నకి తెలీదా?"

తెలియకుండా ఉండదు. పాతికేళ్ళు లినక్స్ వాడినవాడికి, ఇంటర్నెట్‌లో తనే ఎంతోమందికి ఓపిగ్గా జవాబులు రాసినవాడికి, ఏ కార్డు పేరు చెప్పినా అన్నీ వివరంగా చెప్పేవాడికి ఆ సంగతి తెలుసు. ఇంకా మూడు నెలలు పట్టే పని ఒకటి చేతిలో ఉంచుకోవాలనుకున్నాడేమో. అది డైరీలో లేదు.

ఇందు రెండిట్లో చిన్నదాన్ని ఫోనులోనే తెప్పించింది. బుధవారం వచ్చింది. ఇప్పటి డబ్బాల మీద ఆడవాళ్ళూ లేరు, పాములూ లేవు. నచ్చకపోతే పది రోజుల్లో వాపసు అని రాసి ఉంది. మా నాయన చీటీ లేకుండా నడిపిన పద్ధతికి ఇప్పుడు ఆరు పేజీల షరతులు, పసుపు గురించి మాత్రం అందులో లేదు. రాజారాం కూడా వచ్చాడు, వెంట పెయింటర్‌ను తీసుకుని. ఇందు పెట్టె తెరిచి, కార్డు నొక్కి, మీట వేసింది. నేను అలవాటుగా కళ్ళజోడు పెట్టుకుని తప్పులు చదవడానికి పక్కన నిలబడ్డాను. ఒక్క తప్పూ రాలేదు. నేను కళ్ళజోడు తుడుచుకునేలోగా అన్న ఆఖరున గీస్తున్న అంచు తెర మీదికి వచ్చేసింది, ఒక మూల ఇంకా రంగు నింపకుండా.

"ఇంతేనా?" అంది ఇందు.

"బొమ్మ వచ్చింది, సంతోషం," అన్నాడు రాజారాం. "అయినా ఆలోచించు పాపా. ఇంకా పది దినాలు టైముండాది. వాపసు ఇచ్చేస్తే మంచిది. ఈ గదికి శని ఆదివారం ఎంత డిమాండు ఉండాదో నీకు తెలీదు. మనసు గట్టి చేసుకోవాల."

వదిన అప్పటిదాకా గుమ్మంలోనే ఉంది. పదో రోజున పెద్దవాళ్ళు కూర్చోబెట్టి ఆమె బొట్టు తీసినప్పటి నుంచి ఆమె ఏ గదిలోకీ పూర్తిగా రాదు, గుమ్మాల్లోనే నిలబడుతుంది. వదినకు ఏం తీసేయాలో తేల్చడానికి ఆ పెద్దలు ఒక్క పేజీ కూడా తిరగేయలేదు, అరగంటలో తేల్చేశారు. కుంకుమ భరిణ పూజగదిలో పై అర మీదికి పోయింది. వదిన ఇప్పుడు వెనక్కి తిరిగి కిందికి పోయింది. స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది. మెట్లెక్కి వచ్చి, ఈసారి గుమ్మంలో ఆగలేదు.

"దాన్ని ఆపి బయటికి తియ్యి," అంది ఇందుతో.

ఇందు మీట ఆపి కార్డు ఊడదీసింది. వదిన భరిణ మూత తీసి ఉంగరం వేలు ముంచింది. రాజారాం, "అక్కా, నువ్వు ముట్టగూడదు గదా," అన్నాడు. పెయింటర్ గోడవైపు తిరిగాడు. వదిన కార్డు నడినెత్తిన, రెక్కల పంకా పక్కన, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. పళ్ళ దగ్గర తగలకుండా పెట్టింది. ఆ కథ అన్న ఆమెకు చెప్పే ఉంటాడు.

"పసుపు కుంకం తగిలిన సరుకు వాపసు పోదు," అంది తమ్ముడితో. "ఈ ఇంట్లో అంతే. ఆ సైకిలు కూడా తీసకపో."

వేలికి మిగిలిన కుంకుమ తుడుచుకోవడానికి కొంగు ఎత్తి, ఎత్తిన కొంగు దింపేసి, వదిన ఆ వేలు అలాగే ఉంచుకుని అన్న కుర్చీలో కూర్చుంది.